నెలకు ఆరొందల సర్వరు: ఎవరికి కావాలి, ఎవరు చూసుకోవాలి

ఇంట్లో పాత కంప్యూటరు ఖాళీగా పడి ఉంది, ఫైబర్ కనెక్షనుంది. మరి వెబ్‌సైటుకో ప్రోగ్రాముకో నెలనెలా డబ్బు కట్టి ఎక్కడో ముంబైలో సర్వరు అద్దెకు తీసుకోవడం దేనికి? పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు వైపు కంప్యూటరు పని నేర్చిన కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న. కరెంటు పోతుందన్నది సగం జవాబే. ఇన్వర్టరు పెట్టుకుంటే ఆ బాధ కొంత తీరుతుంది. మిగతా సగం కనెక్షన్‌లో ఉంది. ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్‌లో చాలావాటికి సొంత ఐపీ అడ్రసు ఉండదు. ఒకే అడ్రసు వెనక వందల ఇళ్లను కలిపి ఉంచుతారు. దాన్నే సీజీనాట్ అంటారు. మన ఇంటి నుంచి మనం ఎక్కడికైనా వెళ్లగలం, బయటివాళ్లు మాత్రం మన ఇల్లు పట్టుకోలేరు. 149 రూపాయల ప్యాకేజీతో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు తీగ లాగింది. ఇంటి కనెక్షన్ ఎవరిదైనా అది టీవీ చూడ్డానికి, పాఠం వినడానికి, ఫారం నింపడానికి ఇచ్చేది. రాత్రింబవళ్లు పదిమందికి సమాధానం చెప్పే యంత్రాన్ని దానికి తగిలించాలంటే ఎప్పటికీ మారని సొంత అడ్రసు, అంటే స్టాటిక్ ఐపీ, విడిగా కొనాలి, అది అన్నిచోట్లా దొరకదు.

అందుకే వర్చువల్ ప్రైవేట్ సర్వర్, వాడుకలో వీపీఎస్. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేరుతో ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి అద్దెకివ్వడం. షేర్డ్ హోస్టింగ్ హాస్టల్లో మంచమైతే ఇది పెద్ద మేడలో పోర్షను: తాళం మనది, వంట మనది, కుళాయి లీకైతే బాగుచేయించుకోవాల్సిందీ మనమే, మేడ మీది నీళ్ల ట్యాంకు మాత్రం అందరిదీ. ట్యాంకు ఉమ్మడిది కావడం వల్ల వచ్చే తంటాలు ముందుముందు చూద్దాం.

ఈ వ్యాపారం మన దాకా రావడానికి పదేళ్ల పైనే పట్టింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి యంత్రాన్ని ముక్కలు చేసే జెన్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. అదే ఏడాది అమెరికాలో సర్వర్లు అద్దెకిచ్చే లినోడ్ మొదలైంది. 2007లో అలాంటిదే కేవీఎం నేరుగా లినక్స్ కెర్నెల్‌లో చేరిపోయింది. 2013 మొదట్లో డిజిటల్ ఓషన్ ఎస్ఎస్‌డీ డిస్కుతో నెలకు 5 డాలర్ల సర్వరు పెట్టేసరికి మార్కెట్ మొత్తానికి ఆ 5 డాలర్లే లెక్కయింది. కాకపోతే ఆ యంత్రాలన్నీ సముద్రాల అవతల ఉండేవి. 2016లో అదే సంస్థ బెంగళూరుకు, అమెజాన్ ముంబైకి వచ్చాయి. హైదరాబాద్‌లో సీటీఆర్ఎల్ఎస్ అంతకు చాలా ముందు నుంచే డేటా సెంటరు నడుపుతోంది. 2020లో ఒరాకిల్, 2022 నవంబరులో అమెజాన్ కూడా అక్కడ రీజియన్లు తెరిచాయి. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అది విని ఇక సర్వర్లు చవకైపోతాయని సంబరపడేవాళ్లు ఉన్నారు. నాకంత ఆశ లేదు. ఆ పెట్టుబడి ఏఐ కోసం, గిగావాట్ల లెక్కలో నడిచేది. మన 1 జీబీ ముక్క ధరను తేల్చేది ర్యామ్ చిప్పుల రేటు, ఐపీవీ4 అడ్రసుల కొరత, డాలరు మారకం.

అక్కర్లేనివాళ్లే ఎక్కువ

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. మా మార్కాపురం వైపు వెబ్‌సైటు కావాలనుకునే పదిమందిలో తొమ్మిదిమందికి వీపీఎస్ అవసరం లేదు. చవకగా వస్తోంది కదా అని తీసుకుంటారు. బిల్లు నిజంగానే చవక. దాన్ని చూసుకునే మనిషి చవక కాడు.

మార్కాపురం పలకల వ్యాపారమే తీసుకోండి. ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉన్న రాతి పలక ఇక్కడిది. రాసుకునే పలక వెనకబడ్డాక అదే రాయి గోడలకు, నేలకు అతికించే రంగు పలకలై ఇతర దేశాలకు వెళ్తోంది. అలాంటి యూనిట్ యజమానికి కావాల్సిందేమిటి? రాయి రంగులు చూపే నలభై యాభై ఫొటోలు, సైజులు, మందం, ఫోన్ నంబరు, వాట్సాప్ లింకు. అందులో లెక్కలు కట్టే ప్రోగ్రాము లేదు, డేటాబేసు లేదు. ఆ పేజీలను స్టాటిక్ సైటుగా చేసి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటిచోట పెడితే అద్దె సున్నా, డొమైన్ పేరుకు కట్టే ఏడాది రుసుమొక్కటే ఖర్చు. హ్యాక్ చేయడానికి అందులో దాదాపు ఏమీ ఉండదు. కొనేవాడు జర్మనీలో ఉన్నా పోలండ్‌లో ఉన్నా అతనికి దగ్గర్లో ఉన్న కాపీ నుంచే పేజీ తెరుచుకుంటుంది. ఇదే యజమానికి ఎవరో వర్డ్‌ప్రెస్ పెట్టి, దాని కింద వీపీఎస్ పెట్టి, ఏడాదికి ఇన్ని వేలని బిల్లు వేస్తారు. ఆ పని తప్పని అనను. అవసరానికి మించినదని అంటాను.

తెలుగులోనే మంచి ఉదాహరణ ఒకటుంది. 2006లో వీవెన్ తెచ్చిన లేఖినిలో ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. బ్లాగుల కాలంలో తెలుగు రాయడం చాలామందికి దాంతోనే అబ్బింది. అక్షరాలు మార్చే పనంతా చదువరి బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది, సర్వరు చేసేదల్లా పేజీని ఒకసారి అందించడం. పనిని సర్వరు మీద వేయకుండా తప్పించగలిగితే, ఎంతమంది వాడినా చిన్న అద్దెలోనే సాగుతుంది. సర్వరు సైజు గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి: ఈ పని అసలు సర్వరులో జరగాలా?

బడులు, కోచింగ్ సెంటర్లు, గుడి కమిటీలు మామూలు షేర్డ్ హోస్టింగ్‌తో హాయిగా గడుపుకోవచ్చు. అక్కడ అప్‌డేట్లు, బ్యాకప్పులు, మెయిలు కంపెనీవాళ్లే చూస్తారు. పదో తరగతి ఫలితాల రోజు ఒక్కసారిగా మీద పడే జనం ఒక్కటే దానికి కష్టం. ఆ ఒక్కరోజు కోసం 365 రోజులు పెద్ద సర్వరు మోయడం దండగ. ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి అడ్డుతెర కట్టి, పేజీని కాష్‌లో ఉంచితే గడుస్తుంది.

నిజంగా కావాల్సినవాళ్లు

మిగిలిన ఆ ఒక్కరి గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు చిక్కులు అక్కడే ఉన్నాయి.

మొదటివాడు టాలీ మనిషి. మిర్చి, పత్తి కొనే వ్యాపారికి మార్కాపురంలో ఒక కొట్టు, గిద్దలూరులో ఇంకొకటి, ఆడిటరు ఒంగోలులో. ముగ్గురూ ఒకే లెక్కల పుస్తకం చూడాలి. దానికి విండోస్ వీపీఎస్ తీసుకుని అందులో టాలీ ప్రైమ్ పెడతారు, రిమోట్ డెస్క్‌టాప్‌తో అందరూ అందులోకి వస్తారు. బాగా నడిచే ఏర్పాటే. కానీ 1 జీబీ ర్యామ్‌లో విండోస్ ఊపిరే తీసుకోదు. ముగ్గురు పని చేయాలంటే కనీసం 4 జీబీ, 8 జీబీ అయితే నయం. విండోస్ సర్వర్ మామూలుగా ఇద్దరికి మాత్రమే, అదీ నిర్వహణ పనులకే, ఒకేసారి లోపలికి దారిస్తుంది. మూడోవాడు రావాలంటే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు మనిషికొకటి కొనాలి. ఈ ఖర్చు ప్రకటనల్లో కనబడదు. మరీ చవకగా 'విండోస్‌తో సహా' అని అమ్మేవాళ్లలో కొందరు ఎక్కించేది 180 రోజుల ట్రయల్ కాపీ. గడువు దాటాక అది గంటకోసారి తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు గిద్దలూరు కొట్టు నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, బిల్లు కొడతా ఉంటే మధ్యలో ఆగిపోయింది, మళ్లీ మొదట్నుంచి కొట్టాలా?" సీజన్లో లారీ బయట నిలబడి ఉంటుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం 3389 అనే పోర్టు. రిమోట్ డెస్క్‌టాప్ వినేది అక్కడే. దాన్ని ప్రపంచానికి తెరిచి, 'అడ్మిన్ 123' అని పాస్‌వర్డు పెట్టి వదిలేసిన సర్వర్లు దొంగలకు అడక్కుండా దొరికే సొమ్ము. ఏదో ఒక ఉదయం లెక్కల ఫైళ్లన్నీ తాళం పడి ఉంటాయి, పక్కన క్రిప్టోలో డబ్బు పంపమని చీటీ. 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ సరిచేసిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డు కూడా అక్కర్లేకపోయింది. దీనికి మందు పాతదే, ఉచితమే: ఆ పోర్టు మూసేసి, వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టి, దాని లోపలి నుంచి మాత్రమే రావాలి. కంపెనీ చట్టం కింద నమోదైన ప్రైవేటు లిమిటెడ్ సంస్థలకు ఇంకో నిబంధన కూడా ఉంది. 2022 ఆగస్టులో సవరించిన అకౌంట్స్ రూల్స్ ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వరులో పడాలి. జర్మనీలో చవకగా వచ్చిందని టాలీని అక్కడ పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండోవాడు షేర్ మార్కెట్ కుర్రాడు. సొంతంగా పైథాన్ రాసి బ్రోకరు ఏపీఐ ద్వారా ఆర్డర్లు వేసేవాళ్లు మన పల్లెల్లోనూ తయారయ్యారు. 2025 ఫిబ్రవరి 4న సెబీ చిన్న మదుపరుల ఆల్గో ట్రేడింగ్ మీద సర్క్యులర్ ఇచ్చింది. దాని వెంట ఎక్స్ఛేంజీలు పెట్టిన నియమాల్లో ఆర్డర్లు స్టాటిక్ ఐపీ నుంచే రావాలన్నది ఒకటి. సీజీనాట్ వెనక ఉన్న ఇంటి కనెక్షన్‌తో అది కుదరదు కాబట్టి ముంబైలో చిన్న లినక్స్ సర్వరు వీళ్లకు నిజమైన అవసరమైంది. 1 జీబీ చాలు. ఆల్గోలో డబ్బు వస్తుందా పోతుందా అన్నది వేరే వ్యాసం.

మూడోవాళ్లు ఎప్పుడూ మేలుకుని ఉండే చిన్న ప్రోగ్రాములు నడిపేవాళ్లు. రోజూ గుంటూరు యార్డు మిర్చి ధరను రైతుల వాట్సాప్‌కు పంపే బాట్ కావచ్చు, చిట్టీల లెక్క యాప్ కావచ్చు. నాలుగోవాళ్లు నేర్చుకునేవాళ్లు, వీళ్లకు నేను మనస్ఫూర్తిగా తీసుకోమంటాను. బీటెక్ చేసి ఉద్యోగం వెతుక్కునే పిల్లవాడు ఆర్నెల్లు ఒక చిన్న లినక్స్ సర్వరును పాడుచేసి బాగుచేసుకుంటే, అమీర్‌పేటలో కోర్సు ఫీజు కట్టినదానికంటే ఎక్కువే వస్తుంది.

ధర ఎలా చదవాలి

డిజిటల్ ఓషన్‌లో 1 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు, నెలకు 1 టీబీ డేటా ఉన్న సర్వరు 2022 జూలై నుంచి 6 డాలర్లు. 512 ఎంబీది 4 డాలర్లు. లినోడ్, వల్టర్ అదే సైజును 5 డాలర్లకు ఇస్తూ వచ్చాయి. మన చేతిలో పడే లెక్క వేరు. డాలరు 88 రూపాయలనుకుంటే 6 డాలర్లు 528. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 623. కార్డు బ్యాంకు విదేశీ మారకం మీద మూడు, మూడున్నర శాతం గీరుకుంటుంది. మొత్తం 650 దగ్గర ఆగుతుంది. జీఎస్టీ నంబరున్న వ్యాపారి ఆ నంబరు ఇస్తే పన్ను రివర్స్ ఛార్జి కిందకు వెళ్తుంది, అర్హత ఉంటే క్రెడిట్ వస్తుంది. ఆడిటరును అడిగి చేసుకోవాలి. అమెజాన్ లైట్‌సెయిల్ రూపాయల్లో బిల్లు ఇస్తుంది గానీ, ముంబైలో తీసుకుంటే డేటా కోటా మిగతాచోట్ల ఇచ్చేదాంట్లో సగమే. ఒక్కో పేజీ 1 ఎంబీ ఉన్నా 1 టీబీ అంటే పది లక్షల వీక్షణలు కాబట్టి మామూలు సైటుకు అదేమీ లోటు కాదు.

దూరం సంగతి. జర్మనీలోని హెట్జ్‌నర్ 2024లో 4 యూరోల లోపే 4 జీబీ ర్యామ్ సర్వరు ఇచ్చింది. మన దేశంలో ఆ ధరకు అది దొరకడం అరుదు. కానీ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. ఇక్కడి నుంచి జర్మనీ తిన్నగా 7 వేల కిలోమీటర్లు. వెళ్లి రావడానికే కనీసం 70 మిల్లీసెకన్లు కావాలి, తీగలు తిన్నగా ఉండవు కనుక నిజానికి అంతకు రెట్టింపు పడుతుంది. బ్రౌజరు పేజీ మొదటి ముక్క అందుకునేలోపు ఆ దారిని మూడుసార్లు నడుస్తుంది: కనెక్షన్ కలపడానికి ఒకసారి, తాళాలు మార్చుకోవడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు అటువైపు వెళ్లే దారి ఇంకా నెమ్మదించింది. అమెరికాలో ఉన్న తమ్ముడి కార్డుతో తీసుకున్న సర్వర్లు తరచూ అమెరికాలోనే, అంటే ఇంకా దూరంలో, ఉండిపోతాయి. అయితే పలకల ఎగుమతిదారు కొనుగోలుదారులు యూరప్‌లోనే ఉంటే జర్మనీ సర్వరే సరైనది. చూసుకోవాల్సింది యజమాని ఊరు కాదు, చదివేవాళ్ల ఊరు.

ఇప్పుడు ఆ ఉమ్మడి ట్యాంకు సంగతి. చవకగా ఇచ్చేవాళ్లు ఒకే యంత్రాన్ని అది మోయగలిగినదానికంటే ఎక్కువమందికి అమ్ముతారు. అందరూ ఒకేసారి వాడరన్న ధీమా. పక్కవాడు వీడియోలు మారుస్తుంటే మన సైటు నత్తనడక నడుస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. లినక్స్‌లో టాప్ కమాండ్ కొడితే పైనుంచి మూడో వరసలో సీపీయూ అంకెలు వస్తాయి, ఆ వరస చిట్టచివర 'ఎస్‌టీ' అని ఉంటుంది. మనకు రావాల్సిన సీపీయూ సమయంలో ఎంత శాతం పక్కవాళ్లకు పోయిందో అది చెబుతుంది. ఒకటీ అరా ఉంటే ఫరవాలేదు. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య పది దాటి కనబడుతుంటే అది సెట్టింగులు మార్చి బాగుచేసుకునేది కాదు, ఆ మేడ ఖాళీ చేయాల్సిందే. ఏడాది డబ్బు ముందే కట్టించుకునే ఆఫర్లకు నేను దూరంగా ఉండమనేది అందుకే. మొదట నెలవారీగా తీసుకుని, వారం పాటు రాత్రిపూట ఆ అంకె చూడాలి. కేవీఎం అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. ఓపెన్‌వీజెడ్ లాంటి కంటైనర్లలో కెర్నెల్ కూడా ఉమ్మడిదే, అక్కడ డాకర్, వైర్‌గార్డ్ లాంటివి మొండికేస్తాయి.

పాత పద్ధతి ఐపీ అడ్రసు, అంటే ఐపీవీ4, ఇప్పుడు సరుకై కూర్చుంది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ క్లౌడ్‌లో ఒక్కో అడ్రసుకు గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు మూడున్నర డాలర్లకు పైగా వసూలు చేస్తోంది. కొత్త పద్ధతి ఐపీవీ6 అడ్రసు మాత్రమే ఉన్న సర్వర్లు చవక. జియో సిమ్ ఉన్న ఫోన్లకు అవి కనబడతాయి, కొన్ని ఆఫీసు కనెక్షన్లకు కనబడవు. ముందు క్లౌడ్‌ఫ్లేర్ పెడితే ఆ తేడా తెలియదు.

పూర్తి ఉచితం కూడా ఉంది. ఒరాకిల్ 2021లో 4 ఏఆర్ఎం కోర్లు, 24 జీబీ ర్యామ్ వరకు 'ఎప్పటికీ ఉచితం' అంది. తీసుకోబోతే 'అవుట్ ఆఫ్ హోస్ట్ కెపాసిటీ' అని వారాలు వారాలు తిప్పడం మామూలే. ఖాళీగా ఉంచితే వెనక్కి తీసుకునే నియమమూ ఉంది. నేర్చుకోవడానికి భేషైనది. వ్యాపారం లెక్కలు మాత్రం అందులో పెట్టొద్దు.

తీసుకున్నాక

కొత్త సర్వరు ఐపీ చేతికొచ్చిన కాసేపటికే తలుపు తట్టే శబ్దం మొదలవుతుంది. లాగ్ ఫైలు తెరిచి చూస్తే వరసగా 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్'. రూట్ తర్వాత అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్ అని ఎవరెవరి పేర్లో పెట్టి ప్రయత్నిస్తూనే ఉంటారు. మనల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కారు, ప్రతి అడ్రసునూ తట్టిచూసే బాట్లు. పాస్‌వర్డుతో లాగిన్ పూర్తిగా ఆపేసి ఎస్ఎస్‌హెచ్ కీతోనే రావడం, రూట్ దారి మూయడం, ఫైర్‌వాల్‌లో కావాల్సిన మూడు పోర్టులే వదలడం, భద్రతా అప్‌డేట్లు వాటంతటవి పడేలా పెట్టడం: ఇది గంట పని. ఈ గంట పని చేయని సర్వరు ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే. ఆపరేటింగ్ సిస్టం గడువు కూడా చూసుకోవాలి. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో నూకలు చెల్లాయి. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఉబుంటు 24.04 తీసుకుంటే 2029 దాకా నిశ్చింత.

కమాండ్లంటే భయపడేవాళ్లు ప్యానెల్ పెట్టుకుంటారు. సీప్యానెల్ 2019లో ధరల పద్ధతి మార్చాక దాని లైసెన్సు చాలామందికి భారమైంది. జనం ఉచిత ప్యానెళ్ల వైపు మళ్లారు. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్‌లో లోపం బయటపడినప్పుడు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న దాదాపు 22 వేల సర్వర్లు దాడికి లక్ష్యమయ్యాయి, చాలావాటిలో ఫైళ్లకు తాళాలు పడ్డాయి. ప్యానెల్ పెట్టుకోవడం తప్పు కాదు. అయితే దాని లాగిన్ పేజీ కూడా ప్రపంచానికి కాకుండా మీ వీపీఎన్‌కే కనబడాలి.

1 జీబీలో వర్డ్‌ప్రెస్ నడిపేవాళ్లకు ఒక పీడకల అలవాటే: సైటు తెరిస్తే 'ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్'. ర్యామ్ నిండి, కెర్నెల్ అందరికంటే ఎక్కువ మెమరీ తింటున్న డేటాబేసును చంపేసిందన్నమాట. రీస్టార్ట్ చేస్తే లేస్తుంది, మర్నాడు మళ్లీ పడుతుంది. రెండు జీబీల స్వాప్ ఫైలు పెట్టి, పీహెచ్‌పీ ఒకేసారి ఎన్ని పనులు పట్టుకోవాలో తగ్గిస్తే చాలావరకు కుదుటపడుతుంది. తెలుగు సైట్లకు ఇంకో రెండు మాటలు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో అక్షరాలు, గుణింతాలు కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. బరువే అయినా కంప్రెషన్ ఆన్ చేస్తే బాగా తగ్గుతుంది. అసలు బరువు వందల కేబీల ఫాంట్లది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది, దాన్నే వాడనిస్తే పల్లె సిగ్నల్‌లో పేజీ త్వరగా తెరుచుకుంటుంది. డేటాబేసు యూటీఎఫ్8ఎంబీ4లో ఉండాలి. సర్వరు మార్చేటప్పుడు ఇది చూసుకోకపోతే కథలూ కవితలూ అన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి.

మెయిలు మాత్రం సొంత సర్వరు నుంచి పంపొద్దు. చాలా కంపెనీలు 25వ పోర్టు మూసే ఉంచుతాయి, తెరిచినా ఆ ఐపీకి పాతవాడు మూటగట్టిన చెడ్డపేరు మన మెడకు చుట్టుకుంటుంది.

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, ఎక్కడ అన్నది తక్కువమంది చెబుతారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు భవనం కాలిపోయింది. సర్వరుతో పాటు బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే పెట్టుకున్నవాళ్లకు రెండూ బూడిదయ్యాయి. ప్రొవైడరు ఇచ్చే స్నాప్‌షాట్ మంచిదే. దానితో పాటు రోజుకొక కాపీ వేరే కంపెనీలోకి, వారానికొకటి మార్కాపురం కొట్లోని హార్డ్‌డిస్కులోకి దిగాలి. మూడు నెలలకోసారి ఆ కాపీతో కొత్త సర్వరులో సైటు నిజంగా లేస్తుందో లేదో చూడాలి. ఎవరూ చేయని పని ఇదే.

పేరు ఎవరిది

సాంకేతికం అంతా అయ్యాక మిగిలేది కాగితం పని. మా వైపు సైట్లు పోవడానికి హ్యాకర్లకంటే ఇదే పెద్ద కారణం. సైటు చేసిన కుర్రాడు డొమైన్‌ను తన మెయిలు మీద, సర్వరును తన కార్డు మీద తీసుకుంటాడు. మోసం చేయాలని కాదు, అలా చేస్తే పని తొందరగా అవుతుందని. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది. కార్డు గడువు తీరుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఆటోమేటిక్ చెల్లింపులకు కొత్త నిబంధనలు పెట్టినప్పటి నుంచి, విదేశీ సంస్థలు కార్డులోంచి నెలనెలా వాటంతటవి తీసుకునే చెల్లింపులు చాలా ఆగిపోయాయి. బిల్లు పడలేదన్న మెయిలు ఎవరూ చూడని ఇన్‌బాక్సుకు వెళ్తుంది. మొదట సర్వరు ఆపేస్తారు, కొన్నాళ్లకు చెరిపేస్తారు. దేశీయ ప్రొవైడర్ల దగ్గర యూపీఐ నడుస్తుంది, ముందే కొంత డబ్బు వేసి ఉంచే సౌకర్యమూ ఉంటుంది. చిన్న వ్యాపారికి నెలకు వంద ఎక్కువైనా అది నయమని నా అభిప్రాయం.

చట్టం కూడా పేరు అడుగుతుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ ఇచ్చేవాళ్లు ఖాతాదారు పేరు, చిరునామా, ఫోను, కేటాయించిన ఐపీ వంటి వివరాలు ఐదేళ్లు దాచాలి. దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. మీ సర్వరు నుంచి ఎవరో స్పామ్ పంపితే వచ్చే ఉత్తరం ఆ ఖాతాలో ఉన్న పేరుకే వస్తుంది. కుర్రాడి పేరుంటే పాపం కుర్రాడికే.

కాబట్టి వ్యాపారి స్వయంగా తన మెయిలు మీద ఖాతా తెరవాలి, డొమైన్ తన పేరు మీద ఉండాలి, కుర్రాడికి పని చేసే అనుమతి వేరే లాగిన్‌గా ఇవ్వాలి. రెండంచెల ధ్రువీకరణకు ఓటీపీ నంబరును నమ్ముకోకూడదు: రీఛార్జి లేక ఆగిపోయిన సిమ్ నంబరును 90 రోజుల తర్వాత ఫోన్ కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చే రికవరీ కోడ్లు ప్రింటు తీసి, జీఎస్టీ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే పెట్టుకోవాలి. ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.